పీచుతాడు కుట్టిన తలుపు

తలుపు మూసుకుని లోపల కూకున్నా ఈదిలో ఎవలెల్తన్నారో అప్పలనర్సమ్మ సెప్పీసేది.

"అదిగో, కనకం బిందట్టుకుని కుళాయికెల్తంది. దాని ఎనకాలే ఓ మేక. ఎవలిదో గానీ మన తోటకూర మీద కన్నేసింది."

మంచమ్మీదున్న కోడలు చిన్నతల్లి కడుపట్టుకుని నవ్వేది. ఏడో నెల కడుపు మరి, గట్టిగా నవ్వడానికీ నేదు.

ఆ రైల్వే క్వార్టరుకి ఈదిపక్క కిటికీ నేదు. అత్త సూసింది తలుపు సందులోంచి. తలుపేమో కొత్తది! వానల్లో పెట్టినారు. కార్తీకం ఒచ్చేసరికి ఎండిపోయి, కుంచించుకుపోయి, ఈ పక్కోసందు, ఆ పక్కోసందు, కింద గడపకీ తలుపుకీ మద్దిన బల్లి కాదు, ఉడత దూరిపోయేంత సందు.

నవ్వులాటకి బాగానే ఉంటాది గానీ, సందులోంచి మేక ఒక్కటే కనపడి ఊరుకోదు కదా. గాలొస్తాది. బిలాసపూరు సలి మన సముద్రపొడ్డు సలి కాదు. భీమిలిలో సలంటే దుప్పటి మడత తీసేలోపు పోతాది. ఇక్కడ అలాక్కాదు. పెండ్రా కొండల మీద నుంచి దిగుతాది గాలి. కర్గీ రోడ్డు అడివంతా ఊడుసుకుంటా ఒచ్చి, అర్పా నది ఇసకలో పొర్లి, సరాసరి తెలుగోల్ల లైన్లోకి దూరతాది. లైన్లో మొట్టమొదటి క్వార్టరు అప్పలనర్సమ్మోల్లదే. ఊరందరికంటే ముందు ఆ గాలి ఆల్లింటికే సుట్టం.

నిరుడు ఆ సుట్టం ఒచ్చి ఏటి పట్టుకుపోయిందో లైనందరికీ తెలుసు. చిన్నతల్లికి తొలిచూలు కొడుకు. అప్పుడున్న పాత తలుపు అడుగంతా కుళ్లిపోతే గోనెసంచి మేకులు కొట్టి నెట్టుకొచ్చినారు. పుస్యమాసంలో ఆ గుంటడు డొక్కలెగరేసీ ఎగరేసీ, ఓ పొద్దు పాలు తాగడం మానీసినాడు. అంతే. పేరైనా పెట్టనేదు. చిన్నతల్లి గోడెంపు తిరిగి పడుకుండిపోయింది. అప్పలనర్సమ్మ ఏడవనేదు. ఆ గోనెసంచి పీకి పొయ్యిలో పెట్టి, మండినంతసేపూ అలాగే సూస్తా కూకుంది.

"మల్లీ ఈ ఇంట్లో పసిగుడ్డు పడేసరికి, ఆ గుమ్మంలోంచి గాలన్నది రాకూడదు," అంది. కొడుకు సూర్యం పక్కనే ఉన్నాడు. తనతో అన్నాదో, గాలితో అన్నాదో ఆడికి తెలీనేదు.

ఆ మీదట క్వార్టర్లు బాగుసేయించే మేస్త్రీ కాడికెల్లి కూకోడమే ఆవిడ పని. ఒండుకుని, తిని, ఎల్లి మేస్త్రీ గుమ్మంలో కూకునేది. ఆ మనిసి ఇందీలో కసిరితే ఈవిడ తెలుగులో సమాధానం. ఆకరికి ఆ మేస్త్రీ పెల్లామే, "ఈ ముసల్దానికి తలుపిచ్చీ, నేపోతే మన తలుపే పీకి పట్టుకుపోతాది," అన్నాదట. తలుపొచ్చింది. ఇక్కడి అడివిలో దొరికే సరై కర్ర, బరువైనది, ఒంటిరెక్క. దాన్ని పెట్టింది మన తెలుగోడే, వడ్రంగి అప్పలస్వామి.

ఇప్పుడా అప్పలస్వామిని రప్పించింది. ఆడొచ్చి గుమ్మం బైట నిలబడితే, ఈవిడ తలుపేసీసి లోపల నుంచి సందులోంచి మాటాడింది.

"ఒరే అప్పలస్వామీ, నానిక్కడి నుంచి నీ మీసం సూస్తన్నాను. ఇది తలుపేట్రా, జల్లెడా?"

"పెట్టినప్పుడు సరిగానే ఉంది కదప్పా. నువ్వేగా అన్నావు, ఏలితో తోస్తే ఎల్లిపోతందిరా, ఎన్నపూసలాగుందిరా అని?"

"అన్నాను. ఎన్నపూస సలికి గడ్డ కడతాదిరా. సందులు పడదు."

అప్పలస్వామి నెత్తి గోక్కున్నాడు. "మా అయ్య సెప్పినాడప్పా. వానల్లో తలుపు పెడితే బాగా సిత్రిక పట్టి, సుట్టూ ఏలు దూరేంత ఒదిలీమన్నాడు. ఒదలకపోతే ఉబ్బిపోయి తెరుసుకోదంట."

"మీ అయ్య సెప్పింది ఎక్కడి తలుపులకిరా?"

"భీమిలీ, కలింగపట్నం, అటేపు."

"అక్కడ ఏడాది పొడుగునా గాల్లో తడుంటాది. ఉబ్బిన సెక్క ఉబ్బినట్టే ఉంటాది. ఇక్కడ సలికాలమొస్తే మనిసి పెదాలే పగిలిపోతన్నాయి, సెక్క ఊరుకుంటాదేటి? నువ్వెప్పుడైనా సముద్రం సూసినావా?"

"నాను పుట్టిందే ఈ లైన్లో కదప్పా."

"అదిరా సంగతి! సూడని సముద్రానికి తలుపు సేసి నా ఇంటికి పెట్టినావు."

పక్కింటి గుమ్మంలోంచి కనకం కిసుక్కుమంది. అప్పలస్వామి పాపం, మంచోడే. సెక్కబద్దలు తెచ్చి సందులెంబడి కొడతానన్నాడు. కొట్టినాడు కూడాను. రెండు పక్కలా కొట్టి, కిందకొచ్చి, గడపమీద అడ్డబద్దేసి మేకు పెట్టి సుత్తెత్తినాడు. అప్పలనర్సమ్మ ఎక్కడి నుంచొచ్చిందో, ఆడి మణికట్టు పట్టీసింది.

"పసుపు రాసిన గడప మీద మేకు కొడతావేట్రా? ఈ ఇంట్లో కడుపుతో ఉన్న మనిసుంది!"

"మరి కిందనుంచి గాలొస్తాది కదప్పా?"

"ఒస్తే దాని సంగతి నాను సూస్తాను. నువ్వా సుత్తి దించు."

సుత్తి దించినాడు. పోనీ, పైన కొట్టిన బద్దలైనా పనికొచ్చినాయా? ఆటికీ తలుపుకీ మద్దిన మల్లీ సన్నసందు. పెద్ద సందులోంచి ఒచ్చే గాలి బుస్సుమనేది, ఇప్పుడు పిల్లనగ్రోవి ఊదినట్టు ఈలేస్తంది. కనకమొచ్చి మట్టీ పేడా కలిపి మెత్తమంది. మెత్తింది. తలుపు గట్టిగా ఏసేసరికి గడ్డలు గడ్డలుగా రాలిపోయింది. సూర్యందేమో రైలుబళ్ల షెడ్డులో పని. సక్రాల పెట్టెల్లో నూనెగుడ్డ కూరతారు, ఆ గుడ్డపీలికలు ఓ పిడికెడు తెచ్చి సందులో కుక్కినాడు. గాలాగింది గానీ, ఆ నల్లనూనె కంపుకి చిన్నతల్లి తిన్నది తిన్నట్టు కక్కీసింది.

"తీసీరా, తీసీ," అంది అప్పలనర్సమ్మ. "సలికి సావకుండా కంపుకి సంపీసేలాగున్నావు."

ఆ పూట ఆవిడ అన్నం తినకుండా తలుపెదురుగా కూకుంది. దూదిపింజ ఒకటి ఏళ్ల మద్దిన పట్టుకుని, సందెంబడి మెల్లగా జరుపుకుంటా ఎల్లింది. పింజ ఎక్కడ ఎగిరితే అక్కడ బొగ్గుతో గీత. సూస్తే తలుపు సుట్టూ గీతే. అప్పుడు గుర్తొచ్చింది. సుట్టూ సందే ఉన్నదీ, ఆ సందులోంచి లోపలికేదీ రాకూడనిదీ ఇంకోటుంది. పడవ.

అప్పలనర్సమ్మ తండ్రి భీమిలిలో పడవలు కుట్టేవోడు. కొట్టడం కాదు, కుట్టడం. సెక్కకీ సెక్కకీ మద్దిన కొబ్బరిపీచు దట్టంగా పెట్టి, అంచులెంబడి కన్నాలు తొలిచి, నారతాడుతో బట్ట కుట్టినట్టు బిగించి కుట్టేవోడు. మేకు కొట్టిన పడవ కెరటం కొడితే బద్దలైపోతాది. కుట్టిన పడవ ఒంగుతాది, లేస్తాది, దాని సందుల్లో పీచు నలుగుతాది గానీ నీటికి దారియ్యదు. సిన్నప్పుడు ఆ పీచు దువ్వి తాడు పేనేది ఈవిడే. పెల్లయి బిలాసపూరొచ్చినాక ఆ మాట ఎవలికీ సెప్పుకోలేదు. రైలు పనోల్ల మద్దిన పడవలోల్ల పిల్లంటే సిన్నసూపని.

ఇప్పుడా మొగమాటం గట్టున పెట్టీసింది. గంప నెత్తినెట్టుకుని, మా అయ్య పడవకేసే కుట్టు నా తలుపుకేస్తానని సెప్పుకుంటా లైనంతా తిరిగింది.

"మీ ఇంట్లో కొబ్బరి డొక్కలున్నాయేటమ్మా? అంట్లు తోమే పీచైనా ఇవ్వండి."

కార్తీకమాసం కాబట్టి సరిపోయింది, ఇంటింటా కొబ్బరికాయలు కొట్టినారు. అయినా ఈ ఊల్లో కొబ్బరికాయంటే రైల్లో రావాల, పీచంటే బంగారమే.

"ఒదినా, అంట్లు దేంతో తోమమంటావు?" అంది కనకం.

"బూడిదేసి నీ నాలికతో తోముకో. దానికంటే గరుకైనది ఈ లైన్లో ఇంకోటి నేదు."

కనకం మూతి తిప్పింది గానీ పీచిచ్చింది. ఇచ్చి ఊరుకుందా? "పడవలోల్ల ఆడపడుసు రైల్వే తలుపుకి కుట్లేస్తాదంట," అని కుళాయి కాడ కూడినోల్లందరికీ సెప్పీసింది.

అప్పలనర్సమ్మ పీచు నానబెట్టింది, దంచింది, దువ్వింది. తొడమీద ఏసి బొటనేలంత లావు తాడు పేనింది. తొడ తోలు లేసిపోయింది. ఆవఁదం రాసుకుని మల్లీ పేనింది. అప్పలస్వామిని పిలిసి తలుపు అంచెంబడి కన్నాలు తొలవమంది.

ఆడు గుండె బాదుకున్నాడు. "కొత్త తలుపప్పా! మేస్త్రీ సూస్తే నన్ను తోలీస్తాడు!"

"మేస్త్రీకి నాను సెప్పుకుంటాను. మల్లీ ఎల్లి ఆడి గుమ్మంలో కూకోమన్నా కూకుంటాను. తొలు."

తొలిసినాడు. తలుపుకి నాలుగంచులా, దారబందానికి ఆనుకునే పక్క, పీచుతాడు పెట్టి నారతో కుట్టుకుంటా పోయింది. అడుగున గడప జోలికెల్లకుండా, తలుపుకే కుట్టి కిందకి ఏలాడీసింది. గడపకి తాకీ తాకనట్టు పీచుకుచ్చు. బజార్లో అడివిమనుసులమ్మే గుగ్గిలం కొనుక్కొచ్చి, ఆవఁదంలో కాసి, కుట్టుకన్నాలన్నీ పూడ్సింది. బైట నుంచి సూస్తే తలుపు దెబ్బలు తగిలి కుట్లేసుకున్న మనిసిలాగుంది. లైనంతా సూసి నవ్వింది.

అప్పుడు తలుపేసి గడి పెట్టింది. సెక్క ఎల్లి పీచుమీద మెత్తగా కూకుంది, సప్పుడు కూడా నేదు. దూదిపింజ తీసి సుట్టూ తిప్పింది. పింజ కదల్నేదు.

"అత్తా, ఈదిలో ఎవలెల్తన్నారు?" అంది చిన్నతల్లి మంచమ్మీద నుంచి.

"నాకేటి తెలుసు," అంది అప్పలనర్సమ్మ. ఆ మాట అనడం ఆవిడకి ఎంత బాగుందో.

పీచు కుట్టిందే మంచిదైంది. ఇంకా నెలలు నిండకుండానే చిన్నతల్లికి నొప్పులొచ్చీసినాయి. ఎనిమిదో నెల గుంట. ఆడపిల్ల. అరసేతిలో పట్టేంతుంది. ఏడిస్తే పిల్లికూన. మంత్రసాని, ఇక్కడి ఆడమనిసి, పిల్లని సూసి, అప్పలనర్సమ్మెంపు సూసి తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోడం ఈవిడికి నచ్చనేదు.

"దూది తే," అంది. పిల్లని దూదిలో సుట్టింది, పాత సీరలో సుట్టింది, తల్లి రొమ్ముకి ఆనించి గుడ్డతో కట్టింది. వంటగదెంపు గుమ్మానికి గొంగడి ఏలాడీసింది. ఈదితలుపు బిగించింది. మంచం కింద కుంపటి పెట్టింది. బాలింతకి మన పక్క అలాగే సేస్తారు కదా, మంచం కింద నిప్పు, పైన సాంబ్రాణి, తలుపులు మూత. ఆవిడ తల్లీ అలాగే సేసింది, తల్లికి తల్లీ అలాగే సేసింది. గది ఎచ్చగా, పొదిగే కోడి కింద ఉన్నట్టుంది. పిల్ల సుక్క సుక్కా పాలు తాగింది. పిల్లికూన ఏడుపు కాస్త మేకకూన ఏడుపైంది.

"సూసినావా?" అంది కనకంతో. "గాలి ఒచ్చి తలుపు కొట్టుకుని పోతంది."

కనకం కూడా ఒప్పుకుంది. ఆవిడికీ అలాటి తాడు కావాలంది.

ఆ మర్నాడు పొద్దున్న అప్పలనర్సమ్మకి తల పోటు. పిల్లతో నిద్ర నేదు కదా, అదేలే అనుకుంది. చిన్నతల్లీ తల పోటన్నాది, ఒంట్లో తిప్పుతందన్నాది. బాలింతకి అలాగే ఉంటాదని కుంపట్లో ఇంకాసిన్ని బొగ్గులేసింది. సూర్యం షెడ్డు నుంచి తెచ్చిన రాక్షసిబొగ్గు, ఎర్రగా, నిండుగా కాలతంది. తలుపు దగ్గరగా ఏసి బిందట్టుకుని కుళాయికెల్లింది. బైట గాలి మొకానికి కొడితే తలపోటు తీసేసినట్టు పోయింది. అప్పుడైనా అనుకోవాల. అనుకోలేదు. కుళాయి కాడ కనకం, అప్పలస్వామి ముక్కు గురించి ఏదో సెప్తంటే ఇంటా నిలబడింది.

బిందెత్తుకుని ఒచ్చి, గుమ్మంలో ఆగి, "చిన్నతల్లీ, తలుపు తియ్యే, సెయ్యి కాలీ నేదు," అంది.

పలకనేదు.

తలుపుకి సెవి పెట్టింది. మునుపైతే లోపల ఈగ ఎగిరినా ఇనిపించీది. ఇప్పుడేదీ నేదు. తను కుట్టిన పీచే సప్పుడంతా మింగీసింది. బింద అక్కడే ఒదిలీసి భుజంతో తోసింది.

చిన్నతల్లి మంచం సగం దిగి, తల కిందకేలాడిపోయి ఉంది. దిగబోయి పడిపోయినట్టుంది. మొకమ్మీద అదోలాటి ఎరుపు. కళ్లు సగం తెరిసే ఉన్నాయి, మాట నేదు. రొమ్ముకి కట్టిన పిల్ల గుడ్డబొమ్మలాగుంది. పొగ నేదు. కంపు నేదు. కుంపట్లో నిప్పు సల్లగా సూస్తంది.

"కనకం!" అని ఒక్క కేకేసింది. లైనంతా ఇనిపించింది.

కోడలి సంకల కింద సేతులేసి ఈడుసుకుంటా బైటికి లాగింది. ఈదిలోకి. ఏ గాలిని ఏడాదిగా తిడతందో, ఏ గాలికి దారి లేకుండా తొడలు ఒలిసిపోయేలా తాడు పేనిందో, ఆ గాల్లోకే లాగింది. పిల్ల కట్టు ఇప్పి, దూదంతా పీకీసి, బట్టలేకుండా రెండు సేతుల్లో పట్టుకుని పెండ్రా కొండలెంపు తిప్పింది. 

"ఊదు!" అంది ఆ గాలితో. "ఊదవే, ముండా! నిరుడు నోరు తెరిసినావు కదా, ఇప్పుడేటయింది నీకు? ఊదు!"

కనకం పరిగెట్టుకొచ్చి చిన్నతల్లి మొకమ్మీద నీల్లు కొట్టింది. పిల్ల సిన్న కాళ్లు నీలంగా ఉన్నాయి. అప్పలనర్సమ్మ పిల్ల అరికాలి మీద ఒక్కటేసింది. గాలి మల్లీ కొట్టింది. పిల్ల ముక్కు సిట్లించింది, తుమ్మింది. తుమ్మి, ఏడిసింది. మేకకూన ఏడుపు కాదు, మనిసి ఏడుపు. చిన్నతల్లి ఇటు కక్కుకుంటా, "నా గుంటేది?" అంది.

అప్పుడు అప్పలనర్సమ్మ గుమ్మంలోనే కూలబడి, పిల్లని జాకెట్టు లోపలికి దూర్సీసి, సీరకొంగు మీదకి లాక్కుంది.

కబురందుకుని సూర్యం షెడ్డు నుంచొచ్చినాడు. సేతిలో ఇనపకడ్డీ. ఒస్తానే తలుపు మీదకెల్లి, పీచుతాడు కింద కడ్డీ దూర్సినాడు.

"ఒరే, ఆగు."

"ఆగడమేటమ్మా? సంపీసిందాయె! తలుపు కాదిది, సమాధిబండ! మొత్తం పీకీస్తాను."

కనకం కూడా అందుకుంది. "నాను ముందే అనుకున్నానొదినా. ఇల్లు పడవేటి కుట్టడానికి?"

"ఏడ్సినావు. నిన్ననే నీకూ తాడు కావాలన్నావు." అప్పలనర్సమ్మ కొడుకు సెయ్యి పట్టుకుంది. "ఇనరా నాయనా. ఇది పీకీస్తే ఏటవుతాది? రాత్రికి గాలొస్తాది. నిరుటి గాలే. నిరుడు ఆడు పోయినాడే, ఆడికున్న ఒంటిలో సగం నేదు దీనికి. గాలాపితే ఇలాగైంది, ఒదిలితే అలాగవుతాది. నన్ను కాసేపు ఆలోసించుకోనీ."

"ఏటాలోసిస్తావు?"

"తెలిస్తే నీతో మాటాడుతుంటానేటి?"

ఎండలో కూకుని, పిల్లని ఒల్లో ఏసుకుని తలుపెంపే సూసింది. తల్లి ఇల్లు కళ్లముందుకొచ్చింది. భీమిలిలో తాటాకిల్లు. తలుపు మూసేవోల్లు, నిజమే. కుంపటి పెట్టేవోల్లు, నిజమే. అయితే గోడమీద కప్పు కూకునే సోట సుట్టూ జానెడు కాలీ. తాటాకుల్లోంచి పొద్దున్న ఎలుగు సుక్కలు సుక్కలుగా పడేది. ఆ ఇల్లు మూసినా మూసినట్టు కాదు. ఇదేమో ఇటికెల ఇల్లు. గోడ కప్పుదాకా ఎల్లి అంటుకుపోయింది. దీనికి ఊపిరంటూ ఉంటే తలుపు సందులే. ఆ సందులు తను కుట్టీసింది. కుట్టీసి కుంపటెట్టింది.

"ఒలమ్మా," అంది మెల్లగా. "అప్పలస్వామిని అన్నాను గానీ, నాను సేసిందీ భీమిలి పనే."

లేసింది. కత్తిపీట తెమ్మంది. ముక్కాలిపీట ఏసుకుని ఎక్కి, తలుపు పైయంచున, మంచానికి దూరంగా ఉన్న మూల, పీచుతాడు అరసెయ్యంత మేర కోసీసింది. కోసిన కొసలు ఇడిపోకుండా నారతో ముడేసింది. 

"అంతేనా?" అన్నాడు సూర్యం.

"అంతే. కుంపటి ఇంక లోపలికి రాదు. బైట ముట్టించు. ఇటికెలు కాల్చి, గోనెలో సుట్టి మంచం కింద పెడతాను. తవుడు ఏపి మూటలు కట్టి పిల్ల పక్కల పెడతాను. ఏడి లోపలికొస్తాది, నిప్పు రాదు. నిప్పూ మనిసీ ఒక్క గదిలో ఊపిరి పంచుకుంటే నిప్పే ఎక్కువ తాగీస్తాది."

"ఇటికెలు సల్లారిపోతాయి కదమ్మా."

"సల్లారితే మల్లీ కాలుస్తాను. నాకేటి, డూటీ కెల్లాలా?"

దూదిపింజ పట్టుకుని తలుపు సుట్టూ తిప్పింది. పక్కల కదల్నేదు, కింద కదల్నేదు. పైమూల కాడ మాత్రం సన్నగా, పసిపిల్ల ముక్కు కాడ పెడితే కదిలినట్టు కదిలింది. మంచమ్మీద పెడితే కదల్నేదు.

"ఇంత సాలు," అంది.

ఇంక ఆ సలికాలమంతా ఇటికెలే. పొయ్యిమీద నాలుగు, మంచం కింద నాలుగు. సేతులకి బొబ్బలు. ఏపిన తవుడు వాసన లైను సివరిదాకా. కనకం తిడతానే తన పెరట్లో ఇటికెలు పీకి తెచ్చి ఇచ్చింది. మంత్రసాని ఒచ్చినప్పుడల్లా పిల్ల డొక్కలు తడిమి సూసేది, ఆకరికి తల తిప్పుకోడం మానీసి, నవ్వింది. పుస్యమాసంలో ఓ పొద్దు కుళాయి నీల్లు ముట్టుకుంటే ఏళ్లు కొరికేంత సలి. ఆ పొద్దు గాలి తలుపు సుట్టూ తిరిగి తిరిగి, గుగ్గిలం పూసిన కుట్లన్నీ తడిమి, పైమూల ఆ అరసెయ్యంత కాడ కాసింత లోపలికొచ్చి, కప్పు కిందే సచ్చింది. పిల్ల నిద్దర లేవనేదు.

పుస్యం దాటినాక పేరు పెట్టినారు. లక్ష్మీనరసమ్మ. నిరుడు పేరు పెట్టే దాకా ఉండనోడి కోసం చిన్నతల్లి ఆ రోజు ఏడిసింది, ఆ తరవాత మరి గోడెంపు తిరిగి పడుకోనేదు.

వానలొచ్చినాయి. సరై కర్ర నీల్లు తాగి ఉబ్బింది. తలుపు బిగిసిపోయింది. సూర్యం డూటీ నుంచొచ్చి భుజమేసి తోస్తే గానీ తెరుసుకోదు. లోపల పిల్ల పారాడుకుంటా ఒచ్చి తలుపు కింద ఏలాడే పీచుకుచ్చు నోట్లో పెట్టుకుని లాగతంది. సూర్యానికి ఇసుగొచ్చి అప్పలస్వామిని తీసుకొచ్చినాడు. ఆడు సిత్రిక పట్టుకుని నవ్వుకుంటా ఒచ్చినాడు.

"సూసినావా అప్పా? మా అయ్య సెప్పిందే! వానల్లో ఉబ్బుతాదని. ఇంతే, ఇలాగ ఓ పొర లేపీస్తే ఎన్నపూసలాగ..."

అప్పలనర్సమ్మ పిల్లని సంకనేసుకుని గుమ్మానికడ్డంగా నిలబడింది.

"ఒరే అప్పలస్వామీ, ఆ సిత్రిక దించు."

"తెరుసుకోడం నేదు కదప్పా!"

"తోస్తే తెరుసుకుంటాది. నా కొడుక్కి భుజాలున్నాయి, నా కోడలికి భుజాలున్నాయి. ఇదీ పెరిగితే దీనికీ ఉంటాయి. కార్తీకం దాకా తొయ్యడం మాకొచ్చు."

"వానలన్నాళ్లూ ఇలా తోస్తానే ఉంటారేటి?"

"ఆఁ. ఏ ఊరి తలుపు ఆ ఊరి సలికే సెయ్యాల. వానకి కాదు. ఎల్లు, ఎల్లి కనకానిది సూడు, దాని తలుపుకీ తాడు కుట్టాల. పైన అరసెయ్యి మేర ఒదిలీసి తొలు కన్నాలు. అది మర్సిపోతే మాత్రం నీ మీసం పీకి ఆ సందులో కూరతాను."

అప్పలస్వామి సిత్రిక సంచిలో పెట్టుకుని కనకం ఇంటెంపు ఎల్లినాడు. అప్పలనర్సమ్మ లోపలికెల్లి, భుజమానించి తలుపు మూసింది. పిల్ల సంకలోంచి సెయ్యి సాపి, పైమూల ఎలుగొచ్చే ఆ కాస్త సందెంపు పట్టుకోబోయింది.